దడుపు ఒంట్లోంచి దిగిన వైనం

మా కోనసీమలో ఎండాకాలం కాలువలు కట్టేస్తారు, జూన్‌లో మళ్లీ నీళ్లు వదులుతారు. ప్రమాదం జరిగాక నా ఆరోగ్యం కూడా అదే లెక్కన నడిచింది. కాలువ ఎండి ఉన్నన్నాళ్లూ నిద్ర పట్టేది. లొల్ల లాకుల దగ్గర నీళ్లు వదిలారని తెలిస్తే చాలు, ఎడం భుజం రాయిలా బిగిసేది.

జరిగింది చిన్న సంగతేనని అందరూ అన్నారు. ఓ వానాకాలం సాయంత్రం బడి నుంచి షేర్ ఆటోలో వస్తున్నాను. జల్లు కొడుతోందని డ్రైవరు రెండు పక్కలా పట్టాలు దించేశాడు. ఎదురుగా కొబ్బరికాయల లారీ వచ్చింది. దానికి దారివ్వబోతే గట్టు జారి ఆటో కాలువలో పడింది. లోపల చీకటి, ముక్కులోకి నీళ్లు, నా మీద ఎవరిదో బరువు. ఎడం చేత్తో ఇనప రాడ్డు పట్టుకుని ఉండిపోయాను. గట్టు మీద ఉన్నవాళ్లు దూకి, పట్టా కోసి, ఒక్కొక్కర్నీ బయటికి లాగారు. ఎవరి ప్రాణానికీ ముప్పు రాలేదు. నాకు మోచెయ్యి గీరుకుంది, అంతే. అందుకే తర్వాత నాకేదో అవుతోందంటే ఎవరికీ నమ్మకం కుదర్లేదు. "అంతా బాగానే బయటపడ్డారు కదండీ, ఇంకా అదే తలుచుకుంటారేంటి" అనేవారు తోటి టీచర్లు.

నేనేం తలుచుకునేదాన్ని కాదు. తలుచుకునేది ఒళ్లే. కుడిచేత్తో బోర్డు మీద రాస్తుంటే ఎడం చెయ్యి దానంతటదే పిడికిలి బిగించేది, పిల్లలు చెబితే గానీ నాకు తెలిసేది కాదు. కూరగాయల బండి మీద పట్టా గాలికి పటపటలాడితే ఊపిరి ఆగేది. గుర్రపుడెక్క కుళ్లిన వాసనకి కడుపులో తిప్పేది. ఎముకల డాక్టరు గారు ఎక్స్‌రే తీయించి ఏమీ లేదన్నారు. మా అత్తయ్యగారు దడుపని తేల్చి తాయెత్తు కట్టించారు. ఊళ్లో పెట్టిన యోగా శిబిరానికి వెళితే కళ్లు మూసుకుని ఊపిరి బిగబట్టమన్నారు. నీళ్లలో మునిగి వచ్చిన మనిషికి ఆ రెండూ ఒకేసారి చెప్పకూడదని వాళ్లకి తెలీదు పాపం. చాప మీద నుంచి లేచి బయటికి పరిగెత్తాను.

చివరికి కాకినాడలో ఓ మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లారు మా ఆయన. దీనికి పీటీఎస్‌డీ అని పేరుందని, అంటే ఆపద గడిచాక కూడా దాని భయం మనిషిని వదలకపోవడమని, అమెరికా మానసిక వైద్యుల పుస్తకంలోకి ఆ పేరు ఎక్కింది 1980లోనని ఆ డాక్టరు గారు చెప్పారు. నిద్రకీ దిగులుకీ మాత్ర రాశారు. మాటలతో చేసే చికిత్సనీ, కళ్లు అటూ ఇటూ కదిలిస్తూ చేసే ఈఎండీఆర్‌నీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లోనే సిఫార్సు చేసిందని చెప్పి, ముందు ఒక కౌన్సెలర్ దగ్గరికి పంపారు. అక్కడ జరిగింది చెప్పబోతే గొంతు పూడుకుపోయేది. వారాల తరబడి అదే తంతు. అప్పుడు డాక్టరు గారే ఇంకో దారి చెప్పారు: ఒంటి మీద ధ్యాస పెట్టి చేసే సొమాటిక్ ఎక్స్‌పీరియెన్సింగ్. దాని మీద పరిశోధన ఇంకా తక్కువేననీ, గ్యారంటీ ఇవ్వలేననీ, మాత్ర మాత్రం ఆపొద్దనీ ముందే తేల్చేశారు. నాకు ఆయన మీద గురి కుదిరింది ఆ మాటతోనే.

ఈ పద్ధతిని తయారుచేసింది పీటర్ లెవీన్ అనే అమెరికన్, 1970ల నుంచి. ఆపద వస్తే ఒళ్లు పోరాడ్డానికో పారిపోవడానికో సిద్ధపడుతుంది, రెంటికీ వీల్లేకపోతే కొయ్యబారిపోతుంది. ఆ సగంలో ఆగిన కదలిక ఒంట్లోనే మిగిలిపోతుందని ఆయన వాదన. దాన్ని కొంచెం కొంచెంగా పూర్తి కానివ్వడమే చికిత్స. దీనికి శాస్త్రం ఎంతవరకు ఒప్పుకుంటుందన్న చర్చ పెద్దవాళ్లది. నా చెయ్యి విషయంలో మాత్రం అచ్చంగా అలాగే జరిగింది.

హైదరాబాద్‌లో ఉండే ఒక మేడమ్ నాకు వీడియో కాల్‌లో ఈ చికిత్స చేసేవారు. క్లినికల్ సైకాలజిస్టు, పునరావాస మండలి అంటే ఆర్‌సీఐలో నమోదైన మనిషి. ఆ నంబరు అడిగి చూసుకోండి, అడిగితే తప్పేం లేదు. మొదటిరోజే నేను కథ మొదలుపెట్టబోతే ఆవిడ ఆపారు. "ఇప్పుడే వద్దండి. మీ గదిలో మెల్లగా చుట్టూ చూడండి. కంటికి ఏది హాయిగా ఉంటే అక్కడ ఆగండి." డబ్బిచ్చి గోడలు చూడ్డమేంటని మనసులో అనుకున్నాను. కిటికీలోంచి మా పెరటి కొబ్బరిచెట్టు మొవ్వు కనబడింది, అక్కడ ఆగాను. "ఒంట్లో ఎక్కడ బాగుంది?" అన్నారు. ఎక్కడ నొప్పో అడిగినవాళ్లే గానీ ఎక్కడ బాగుందో అడిగినవాళ్లు లేరు. వెతికితే అరికాళ్లు దొరికాయి. చల్లటి గచ్చు మీద ఆనించిన అరికాళ్లు.

అక్కడి నుంచి పని అంతా రాకపోకలే. కాసేపు బిగిసిన భుజం దగ్గరికి వెళ్లడం, అది పెరగబోయే లోపే అరికాళ్లకి తిరిగి రావడం. ఊపిరి బిగబట్టడం లేదు, కళ్లు మూసుకోవడం లేదు, వదిలే శ్వాస కాస్త పొడుగు చేయడమే. తట్టుకోగలనని నేనన్నా ఆవిడ మధ్యలో ఆపేసేవారు. మొదట్లో ఒళ్లు మండేది. ఆపడం తెలిసినవాళ్ల దగ్గరే ఈ పని చేయించుకోవాలని ఇప్పుడు ఎవరడిగినా చెబుతాను. ఒక్క గంటలో అంతా కక్కించేస్తామనే వాళ్లున్నారు, వాళ్ల జోలికి పోకండి.

ఓసారి ఆవిడ పనిమీద కాకినాడ వస్తే ఎదురుగా కూర్చున్నాం. లారీ లైటు కనబడిన క్షణం వరకే చెప్పమన్నారు. చెప్పాను. ఎడం చెయ్యి పిడికిలి పడింది. "విప్పకండి. ఆ చెయ్యి ఏం చేద్దామనుకుంటోందో చూడండి." కాసేపటికి తెలిసింది, అది పట్టుకుందామనుకోవడం లేదు, తోద్దామనుకుంటోంది. పట్టాని. ఆవిడ దిండు తీసుకుని నా అరచేతికి ఎదురుగా పట్టుకున్నారు. "భుజం వెనక చెయ్యి వేయొచ్చా? వద్దంటే వద్దు" అని అడిగాకే వేశారు. నెమ్మదిగా, ఎంత నెమ్మదిగా అంటే గోడ గడియారంలో ముల్లు కదిలినట్టు, దిండుని తోశాను. మోచెయ్యి చాపుతుంటే భుజం నుంచి దవడ దాకా వణుకు మొదలైంది. పళ్లు టకటకా కొట్టుకున్నాయి. ఆపబోయాను. "వణకనివ్వండి, నేనున్నాను" అన్నారు. తర్వాత అరచేతులు వేడెక్కాయి, ఆవులింతలు వరసగా వచ్చాయి, నవ్వొచ్చింది. ఏడుపు రాలేదు, వస్తుందనుకున్నాను. తిరుగు బస్సులో యానాం–ఎదుర్లంక వంతెన ఎప్పుడు దాటామో నాకు తెలీదు, నిద్రపోయాను. అంతకుముందు ఆ వంతెన మీద గౌతమి కనబడకుండా కొంగు మొహానికి అడ్డం పెట్టుకునేదాన్ని.

ఆ ఒక్కరోజుతో అయిపోలేదు. మర్నాటి నుంచి రెండు మూడు రోజులు ఒళ్లంతా పులిసినట్టుండి, చీటికిమాటికి చిరాకుపడ్డాను. కాలువ ఎండాక మా ఆయనతో గట్టెంట నడవడం మొదలుపెట్టాను. అడుగున పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. నీళ్లు వచ్చాక కూడా నడక మానలేదు, కాకపోతే ముందు రోడ్డుకి అవతల పక్క నుంచి, తర్వాత ఇవతల నుంచి.

మాత్ర మోతాదు డాక్టరు గారే తగ్గిస్తూ వచ్చి ఆపారు. ముసురు పట్టినప్పుడు భుజం ఇప్పటికీ పట్టేస్తుంది, పట్టా దించిన ఆటో ఎక్కను. ఫీజులు మాలాంటి వాళ్లకి బరువే. అంత పెట్టుకోలేనివాళ్లు ముందు 14416కి ఫోన్ చేయండి, టెలీ మానస్ అని ప్రభుత్వానిదే, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. ఈ ఒంటి చికిత్స అక్కడ చేయరు గానీ ఎవరి దగ్గరికి వెళ్లాలో దారి చెబుతారు.

మా అత్తయ్యగారి పుట్టిల్లు కాట్రేనికోన వైపు. 1996 నవంబరు 6 రాత్రి తుఫానులో ఆవిడ అక్కడే ఉన్నారు. ఇప్పటికీ కార్తీకంలో గాలి లేస్తే దస్తావేజుల సంచి ఒళ్లో పెట్టుకుని గుమ్మం దగ్గర తెల్లార్లూ కూర్చుంటారు, మేమంతా దాన్ని చాదస్తమనేవాళ్లం. మొన్న నేను దిండు సంగతి చెబుతుంటే పత్తి వత్తులు చేసుకుంటూ విని, "ఆవిడ ముసలాళ్లని కూడా చూస్తుందేమో కనుక్కోవే" అన్నారు. కనుక్కున్నాను. చూస్తారట. వచ్చే బుధవారం మాట్లాడతారు, ఫోను ఎలా నిలబెట్టాలో మా అబ్బాయి చూపిస్తున్నాడు.