చీటీలో క్రియాటినిన్ ఏదీ?

ఆసుపత్రి పేరు, కింద దాని పీఆర్వో (ఆసుపత్రి తరఫున రోగులతో మాట్లాడే మనిషి) ఫోన్ నంబరు. పలాస బస్టాండులో ఇవాళ కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతపు రైతు ఒకరు చూపించిన రిఫరల్ చీటీలో ఉన్నవి అంతే. కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష క్రియాటినిన్ విలువ లేదు, బీపీ లేదు, వాడే మందులు లేవు. నేరుగా విశాఖ పొమ్మన్నారట.

ఇలాంటి చీటీ వెనక తరచు పంపినవారికి ఆసుపత్రి ఇచ్చే కమీషనే ఉంటుంది. ఆ వాటా ఎవరో జేబులోంచి ఇవ్వరు. అక్కర్లేని స్కానుగానో, అదనపు బెడ్ చార్జీగానో రోగి బిల్లులోకే వస్తుంది. డాక్టర్లకు వర్తించే 2002 వైద్య నియమావళిలోని 6.4 నిబంధన ఈ కమీషన్‌ను స్పష్టంగా నిషేధించింది.

పలాసలోనే 200 పడకల ప్రభుత్వ కిడ్నీ ఆసుపత్రి ఉంది కదా, ముందు అక్కడ చూపించండి!

ఎక్కడికి పంపినా జబ్బు పేరు, రిపోర్టు విలువలు, ఇచ్చిన మందు, ఇచ్చిన టైము, పంపే కారణం రాయించుకోండి. సంతకం పక్కన రిజిస్ట్రేషన్ నంబరు కూడా. ప్రభుత్వ ఉచిత వైద్య పథకం ఎన్టీఆర్ వైద్యసేవ అక్కడ వర్తిస్తుందో లేదో బండెక్కకముందే 104కి ఫోన్ చేసి కనుక్కోండి.