ఫోర్జ్‌డ్ ఐరన్లకి మారాక: ఒక సీజన్ నోట్స్

గోల్ఫ్‌లో నా కాస్ట్ (పోత పోసిన) ఐరన్ క్లబ్బుల సెట్ పక్కన పెట్టి, ఫోర్జ్‌డ్ (స్టీల్ కాల్చి గుద్ది చేసిన) క్యావిటీ బ్యాక్ సెట్‌కి, అంటే తల వెనక గుల్లగా ఉండే రకానికి, మారి ఒక సీజన్ అయింది. ప్రాక్టీస్‌లో, రౌండ్లలో రాసుకుంటూ వచ్చినవన్నీ ఇక్కడ ఒకచోట పెడుతున్నాను. మారదామా వద్దా అని ఆలోచించేవాళ్లు ముందుగా అడిగేది ఫీల్ గురించే, అంటే బంతి తగిలినప్పుడు ఎలా అనిపిస్తుందని. ఫీల్ బాగుంది, అందులో సందేహం లేదు. కానీ నా ఆటకి ఎక్కువ పనికొచ్చింది అది కాదు. ఈ స్టీల్ మెత్తగా ఉండటం వల్ల క్లబ్బుని నా స్వింగ్‌కి తగ్గట్టు వంచుకోగలిగాను. అసలు లాభం అక్కడ ఉంది.

ముందు నా లెక్కలు చెప్తాను, లేకపోతే కింద రాసే యార్డులకి అర్థం ఉండదు. కుడిచేతి ఆట, హ్యాండిక్యాప్ (ఆట స్థాయిని చెప్పే సంఖ్య, తక్కువైతే మెరుగు) 14 చుట్టుపక్కల. 7 ఐరన్‌తో క్లబ్ స్పీడ్ గంటకి 80 మైళ్ల దగ్గర. లాఫ్ట్ అంటే బంతిని తాకే ముఖం (ఫేస్) వెనక్కి వాలిన కోణం; ఐరన్ నంబర్ పెరిగేకొద్దీ లాఫ్ట్ పెరుగుతుంది, దూరం తగ్గుతుంది. పాత సెట్‌లో 7 ఐరన్ లాఫ్ట్ 28.5 డిగ్రీలు, దగ్గరి షాట్లకి వాడే పిచింగ్ వెడ్జ్ 43. కొత్త సెట్‌లో 7 ఐరన్ 33, పిచింగ్ వెడ్జ్ 47.

ఫోర్జ్‌డ్ అంటే తయారీ పద్ధతి, అంతే

పోత పోసే ఐరన్లకి ముందు మైనంతో తల ఆకారం చేస్తారు. దాని చుట్టూ సిరామిక్ పూత గట్టిపడ్డాక మైనం కరిగించి తీసేసి, ఆ ఖాళీలో కరిగిన స్టీల్ పోస్తారు. ఎక్కువగా వాడేది 17-4 లేదా 431 రకం స్టెయిన్‌లెస్. ఫోర్జింగ్‌లో స్టీల్‌ని కరిగించరు. మెత్తటి కార్బన్ స్టీల్ కడ్డీని ఎర్రగా, దాదాపు 1200 డిగ్రీల సెల్సియస్ దాకా కాల్చి, అచ్చుల మధ్య పెట్టి భారీ ప్రెస్‌తో గుద్దుతారు. అంచుల్లోంచి బయటికొచ్చిన స్టీల్ కత్తిరించి, మళ్లీ కాల్చి మళ్లీ గుద్ది, షాఫ్ట్ (క్లబ్ పొడవాటి గొట్టం) దిగే హోసెల్‌కి రంధ్రం వేసి, చేత్తో గ్రైండింగ్ పట్టి, ఫేస్ మీద గ్రూవ్స్ (సన్నటి గాడులు) తీసి, పైన నికెల్, క్రోమ్ పూత వేస్తారు. స్టీల్ పేర్లు 1020, 1025, ఎస్20సి, ఎస్25సి అని కనిపిస్తాయి. వాటిలో 20, 25 అనేవి కార్బన్ శాతాన్ని చెప్తాయి: 0.20, 0.25 శాతం చొప్పున.

జపాన్‌లోని హ్యోగో ప్రాంతంలో ఇచికావా అనే చిన్న పట్టణం ఈ పనికి పేరుపడింది. ఐరన్ తలలు ఫోర్జ్ చేసే పని అక్కడ తరాలుగా సాగుతోంది. క్లబ్బుల కంపెనీ మిజునో తన గ్రెయిన్ ఫ్లో ఫోర్జ్‌డ్ ఐరన్లని హిరోషిమాలో చేయిస్తుంది. అలాగని పోత తక్కువరకం కాదు. క్లబ్బుల కంపెనీ పింగ్ స్థాపకుడు కార్స్టన్ సోల్‌హైమ్ బరువుని తల అంచులకి పంచే ఐరన్లని లోకానికి అలవాటు చేసింది పోత పద్ధతితోనే. పక్కకి తగిలినా బంతి మరీ దారి తప్పకుండా చూసే డిజైన్లన్నిటికీ ఆ ఆలోచనే పునాది.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, "ఫోర్జ్‌డ్ అంటే ఆడటం కష్టం" అనే మాట తరచూ వినిపిస్తుంది. కష్టం వచ్చేది ఆకారం నుంచి. సన్నటి సోల్ (తల అడుగు భాగం), చిన్న తల, వెనకంతా ఒకే ముద్దగా ఉండే మజిల్ బ్యాక్ ఎవరికైనా కష్టమే, దాన్ని పోత పోసినా సరే. వెనక గుల్ల చేసి బరువు అంచులకి జరిపిన ఫోర్జ్‌డ్ క్యావిటీ బ్యాక్ అంత కఠినం కాదు. ఇంకో విషయం: తల మీద ఫోర్జ్‌డ్ అని రాసి ఉన్నా, కొన్నిట్లో ఫేస్ మాత్రమే ఫోర్జ్ చేసి, గుల్లగా ఉన్న బాడీకి అతికిస్తారు. ఒకే ముక్కలో చేసిన తలకీ దానికీ చప్పుడులోనూ వంచే తీరులోనూ తేడా ఉంటుంది. కొనేముందు అది కనుక్కోవాలి.

దూరాలు

పాత 7 ఐరన్ క్యారీ (బంతి గాల్లో వెళ్లే దూరం) 150 యార్డుల దగ్గర ఉండేది, ఇప్పుడు 140. ఈ పది యార్డులు ఫోర్జింగ్ వల్ల పోలేదు, 4.5 డిగ్రీల లాఫ్ట్ వల్ల పోయాయి. నా పాత 7, కొత్త 6 ఐరన్లు లాఫ్ట్‌లో ఒక డిగ్రీ తేడాతో ఉంటాయి. వాటి క్యారీ కూడా దాదాపు ఒక్కటే.

మొదటి కొన్ని రౌండ్లలో నంబర్ చూసి క్లబ్ తీసే అలవాటు అడ్డొచ్చేలా ఉందని, ప్రతి క్లబ్ క్యారీ చిన్న స్టిక్కర్ మీద రాసి షాఫ్ట్‌కి గ్రిప్ కింద అంటించాను. ఎవరికైనా ఇది చెప్తాను. దూరం తగ్గిందన్న టెన్షన్ దీంతో త్వరగా పోతుంది.

దూరం తగ్గినచోట వచ్చింది ఎత్తు, స్పిన్. 7 ఐరన్ స్పిన్ నిమిషానికి 5,000 నుంచి 6,200 చుట్ల దాకా పెరిగింది. బంతి దిగే కోణం 42 డిగ్రీల నుంచి 47కి వెళ్లింది. గ్రీన్ (రంధ్రం చుట్టూ ఉండే నున్నటి గడ్డి) మీద పడి వెనక అంచు దాటిపోయే షాట్లు ఇప్పుడు మధ్యలోనే ఆగుతున్నాయి. నా స్కోర్ కార్డులో కనిపించిన మొదటి మార్పు ఇదే.

వెడ్జ్‌లు కూడా సర్దుకున్నాయి. పిచింగ్ వెడ్జ్ 43 డిగ్రీలు ఉన్నప్పుడు దానితో పాటు 48, 54, 58 డిగ్రీల వెడ్జ్‌లు మోయాల్సి వచ్చేది. ఇప్పుడు 47, 52, 57 చాలు. 14 క్లబ్బుల పరిమితిలో ఒక చోటు ఖాళీ అయింది, అందులోకి హైబ్రిడ్ (పొడవాటి ఐరన్ బదులు వాడే, తల పెద్దగా ఉండే క్లబ్) వచ్చింది.

ఫీల్

బంతి, ఫేస్ కలిసి ఉండేది సుమారు సెకనులో రెండువేలవ వంతు. అంత తక్కువ సమయంలో చేతికి ఏమీ తెలియదు. మనం ఫీల్ అనేది ఆ తర్వాత షాఫ్ట్ గుండా వచ్చే కంపనం, చెవికి అందే చప్పుడు కలిసి ఇచ్చేది. చెవులకి ఇయర్‌ప్లగ్స్ పెట్టుకుని పాత 7, కొత్త 7 మార్చి మార్చి కొట్టి చూశాను. తేడా చాలావరకు మాయమైంది. ప్లగ్స్ తీయగానే మళ్లీ కొత్తదాని లోతైన, పొట్టి చప్పుడు తెలిసింది. చప్పుడు ముఖ్యం కాబట్టి బంతి కూడా ఇందులో భాగమే. గట్టి అయానమర్ ప్లాస్టిక్ కవర్ ఉన్న రెండు పొరల బంతితో ఫోర్జ్‌డ్ ఐరన్ కూడా టక్ టక్ మంటుంది. మెత్తటి యురెథేన్ కవర్ బంతితోనే ఆ మెత్తదనం వస్తుంది. డెమో క్లబ్ ప్రయత్నించేవాళ్లు తాము ఆడే బంతి వెంట తీసుకెళ్లాలి. రేంజ్ బంతులతో ఫీల్ గురించి తీర్పు ఇవ్వడం వృథా.

నాకు విలువైనది మధ్యలో తగిలినప్పటి హాయి కన్నా పక్కకి తగిలినప్పుడు వచ్చే కబురు. టో (తల బయటి కొన) వైపు తగిలితే తల మెలితిరగడం చేతికి స్పష్టంగా తెలుస్తుంది. హీల్ (షాఫ్ట్ దగ్గరి కొన) వైపు తగిలితే గట్టి, పొడి చప్పుడు. పాత పెద్ద తలతో ఈ రెండూ దాదాపు ఒకేలా ఉండేవి. చేతికి తెలిసినది నిజమేనా అని ఫేస్ మీద పాదాలకి వాడే పౌడర్ స్ప్రే చల్లి చూశాను. బంతి అచ్చులు స్వీట్ స్పాట్ (ఫేస్ మీద సరిగ్గా తగలాల్సిన చోటు) నుంచి టో వైపు ఒక వేలు వెడల్పు దూరంలో గుంపుగా పడ్డాయి. నిలబడే చోటు బంతికి కొంచెం దగ్గర చేస్తే గుంపు మధ్యకి జరిగింది. ఇప్పుడు ప్రాక్టీస్ మొదట్లో కొన్ని బంతులు పౌడర్‌తోనే కొడతాను. ముందు చేతితో ఊహించి, తర్వాత ఫేస్ చూస్తాను. ఊహ సరిపోవడం ఎక్కువైంది.

లై యాంగిల్: అసలు లాభం ఇక్కడే

లై అంటే షాఫ్ట్‌కీ నేలకీ మధ్య కోణం. అది సరిపోయిందో లేదో చూడటానికి బంతి మీద మార్కర్‌తో నిటారుగా గీత గీసి, గీత ఫేస్ వైపు ఉండేలా పెట్టి కొట్టాలి. గీత ఫేస్ మీద అచ్చుపడుతుంది. అది గ్రూవ్స్‌కి సరిగ్గా నిలువుగా ఉంటే లై సరిపోయినట్టు. పై కొస టో వైపు వాలితే క్లబ్ ఎక్కువ నిటారుగా ఉన్నట్టు, హీల్ వైపు వాలితే ఎక్కువ చదునుగా ఉన్నట్టు. నాది హీల్ వైపు వాలింది. అంటే బంతి తగిలే క్షణంలో టో కిందికి దిగుతోంది. డివట్ (క్లబ్ తగిలి నేలలో పడే గుంట) కూడా టో వైపు లోతుగా ఉంది.

ఇలా ఉంటే కుడిచేతి ఆటగాడికి బంతి కుడికి మొదలవుతుంది. ఎంత అనేది లాఫ్ట్ మీద ఆధారపడుతుంది. 33 డిగ్రీల లాఫ్ట్‌తో లై 2 డిగ్రీలు తప్పితే ఫేస్ సుమారు 1.3 డిగ్రీలు పక్కకి చూస్తుంది. 140 యార్డుల దగ్గర అది మూడు యార్డుల పైమాట. చిన్నగా అనిపించవచ్చు. కానీ ప్రతి షాట్‌కీ అది ఒకే దిక్కున కలుస్తుంది, దాన్ని సరిచేసుకోవడానికి చేతులు తెలియకుండానే ఫేస్ మూయడం మొదలుపెడతాయి. వెడ్జ్‌లలో లాఫ్ట్ ఎక్కువ కాబట్టి అదే లోపం ఇంకా పెద్దగా కనిపిస్తుంది.

క్లబ్ ఫిట్టర్ తలని వైస్ లాంటి మెషీన్‌లో బిగించి, హోసెల్‌కి బెండింగ్ బార్ వేసి మొత్తం సెట్‌ని 2 డిగ్రీలు నిటారు చేశాడు. మెత్తటి కార్బన్ స్టీల్ నెమ్మదిగా, మాట విన్నట్టు వంగింది. 17-4 స్టెయిన్‌లెస్ ఇంత సులువుగా వంగదు, బలవంతం చేస్తే హోసెల్ విరిగే ప్రమాదం ఉంది. వంచాక గీత నిలువుగా పడింది, డివట్ అడుగు సమంగా వచ్చింది. కుడికి మొదలై కుడికే పోయే షాట్ నా ఆటలో బాగా తగ్గింది. నన్ను ఎవరైనా ఫోర్జ్‌డ్ ఎందుకు కొనాలి అని అడిగితే మొదట చెప్పే కారణం ఇది.

మెత్తదనానికి రెండో వైపు కూడా ఉంది. గట్టి మ్యాట్ల మీద తరచూ కొట్టేవాళ్లకి లాఫ్ట్, లై మెల్లగా జరుగుతాయి. సీజన్ చివర కొలిపిస్తే నా 8 ఐరన్ లాఫ్ట్ ఒక డిగ్రీ పెరిగి ఉంది. 8, 9 ఐరన్ల దూరాలు దగ్గరపడటానికి కారణం అదే. ఒక డిగ్రీ అంటే రెండు మూడు యార్డులు. ఏడాదికోసారి కొలిపించడం మంచిది. లాఫ్ట్ వంచేటప్పుడు సోల్ బౌన్స్ (సోల్ ముందంచు కన్నా కిందికి వాలి ఉండే కోణం) కూడా మారుతుందని గుర్తుంచుకోవాలి: లాఫ్ట్ ఒక డిగ్రీ తగ్గిస్తే బౌన్స్ కూడా దాదాపు ఒక డిగ్రీ తగ్గుతుంది, మెత్తటి నేలలో ముందంచు దిగబడుతుంది.

షాఫ్ట్, బరువు

తల గురించి ఎంత మాట్లాడుకున్నా, తప్పు షాఫ్ట్‌తో అంతా వృథా. స్టీల్ షాఫ్ట్‌లలో డైనమిక్ గోల్డ్ ఎస్300 సుమారు 130 గ్రాములు, నిప్పాన్ 950జీహెచ్ 100 లోపు. ఫోర్జ్‌డ్ తల కదా అని బరువైన షాఫ్ట్ వేయించుకోవాల్సిన పని లేదు. నేను 105 గ్రాముల స్టీల్ షాఫ్ట్ తీసుకున్నాను. చివరి హోల్స్‌లో కూడా స్వింగ్ వేగం నిలుస్తోంది. స్వింగ్ వెయిట్ (ఊపేటప్పుడు తల ఎంత బరువుగా అనిపిస్తుందో చెప్పే కొలత) డీ1 వచ్చింది. తల కొంచెం తేలికగా అనిపించి వెనక 2 గ్రాముల లెడ్ టేప్ అంటిస్తే డీ2 అయింది. టేప్‌ని హీల్‌కో టోకో కాకుండా మధ్యలో అంటించాలి.

సంరక్షణ

మెత్తటి స్టీల్‌కి సొట్టలు పడతాయి. బ్యాగ్‌లో తలలు ఒకదానికొకటి కొట్టుకుని టాప్‌లైన్ (తల పై అంచు) మీద, సోల్ మీద చిన్న చిన్న మచ్చలు వచ్చాయి. ఆటకి వాటివల్ల నష్టం లేదు. రాయి తగిలి ఫేస్ మీదో ముందంచు మీదో పడే సొట్ట మాత్రం చూసుకోవాలి. గ్రూవ్స్‌ని నైలాన్ బ్రష్, నీళ్లతో కడిగి పొడిగుడ్డతో తుడిస్తే చాలు, స్టీల్ తీగల బ్రష్ క్రోమ్‌ని గీస్తుంది. నిబంధనల ప్రకారం గ్రూవ్ వెడల్పు 0.9 మిల్లీమీటర్లు, లోతు సుమారు అర మిల్లీమీటరు దాటకూడదు, 2010లో వచ్చిన నిబంధనతో అంచు పదునుకీ పరిమితి వచ్చింది. ఉన్న ఆ కాస్త గ్రూవ్‌లో మట్టి నిండితే రఫ్ (పొడవాటి గడ్డి) నుంచి బంతికి స్పిన్ పట్టదు. పూత లేని రా ఫినిష్ వెడ్జ్ తుప్పు పడుతుంది, అది మామూలే. పూత ఉన్న ఐరన్‌కి క్రోమ్ లేచినచోట తుప్పు మొదలైతే ఒక చుక్క నూనె రాస్తాను.

ఇప్పుడు ఎక్కడున్నాను

6 నుంచి పిచింగ్ వెడ్జ్ దాకా ఫోర్జ్‌డ్. 5 ఐరన్ బ్యాగ్‌లోంచి తీసేసి, దాని దూరానికి ఇంకో హైబ్రిడ్ పెట్టాను. నా స్పీడ్‌కి 26 డిగ్రీల ఐరన్ గ్రీన్ మీద ఆగేంత ఎత్తు లేవడం లేదు, ఆ పని హైబ్రిడ్ సులువుగా చేస్తుంది. నా స్పీడ్ దగ్గర్లో ఉన్నవాళ్లకి కూడా ఇదే చెప్తాను: పొడవాటి ఐరన్ల చోట గుల్ల బాడీవి గానీ హైబ్రిడ్‌లు గానీ, 7 నుంచి పిచింగ్ వెడ్జ్ దాకా ఒకే ముక్క ఫోర్జ్‌డ్. పూర్తి సెట్ ఒకే మోడల్ కావాలన్న పట్టుదల అక్కర్లేదు.

6 ఐరన్ ఇంకా కుదురుకోలేదు. అచ్చులు ఫేస్ మీద అడుగు గ్రూవ్స్ దగ్గర పడుతున్నాయి, క్యారీ 141 నుంచి 152 దాకా ఊగుతోంది. బంతి స్థానం ఒక బంతి వెడల్పు వెనక్కి జరిపి పౌడర్‌తో చూస్తున్నాను. అచ్చులు పైకి లేవకపోతే, తర్వాత షాఫ్ట్ పొడవు పావు అంగుళం తగ్గించి చూడాలి.