షాక్ కొట్టలేదు కదా

ఆ రోజు నేను చేయబోయింది రెండు నిమిషాల పని. కన్వేయర్ మోటార్ పొద్దున్నుంచి మాటిమాటికీ ఆగిపోతోంది. స్టార్టర్‌లో ఎక్కడో కంట్రోల్ వైరు లూజై ఉంటుందని నా అనుమానం. కరెంటు ఉండగా ప్యానెల్ తలుపు తెరుచుకోకుండా ఆపే ఇంటర్‌లాక్ స్క్రూ తిప్పి, బ్రేకర్ ఆన్‌లో ఉండగానే తలుపు తెరిచాను. లోపల 480 వోల్టులు. అనుకున్నట్టే ఒక టెర్మినల్ దగ్గర వైరు కదులుతోంది. స్క్రూడ్రైవర్ లోపలికి పెట్టబోతుండగా వెనక నుంచి ఫోర్‌మన్ గట్టిగా అరిచాడు.

"చేతులు బయటికి తియ్. వెనక్కి రా."

చుట్టుపక్కల పని చేస్తున్నవాళ్లంతా తిరిగి చూశారు. ఆయన దగ్గరికి వచ్చి ఒకే ప్రశ్న అడిగాడు. "ఈ కన్వేయర్ ఆపితే ఎవరి ప్రాణానికైనా ముప్పా?" లేదన్నాను. "మరి ఎందుకు ఆపలేదు?"

పదకొండేళ్లు మన దగ్గర ఫ్యాక్టరీల్లో చేసి అమెరికా వచ్చినవాణ్ణి. కరెంటు పారే బస్‌బార్ పట్టీ పక్కన చెయ్యి పెట్టి కూడా వణక్కుండా పని చేస్తానని పేరున్నవాణ్ణి. కొత్తగా చేరిన కుర్రాణ్ణి అడిగినట్టు అందరి ముందు అడిగితే ఎంత కష్టంగా ఉంటుందో మీకు తెలుసు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మనవాళ్లకు భద్రత తెలియదని వీళ్ల ఉద్దేశమా అని కోపం వచ్చింది. తెలియకేం? ఎల్‌సీ, అంటే సరఫరా ఆపామని ఇచ్చే లైన్ క్లియర్, తీసుకోకుండా లైన్‌మన్ స్తంభం ఎక్కకూడదని మనకు ఎప్పటి నుంచో ఉన్న పద్ధతే కదా. సరఫరా ఆపి పని చేయాలన్నది అమెరికావాళ్లు కనిపెట్టిన విషయం కాదు.

అయితే ఆయన ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. తర్వాత తెలిసింది, అది ఆయన సొంత ప్రశ్న కాదని. ఇక్కడ పనిచోట్ల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఓషా నిబంధన ప్రకారం 50 వోల్టులు, ఆపైన ఉన్న భాగాల మీద చెయ్యి వేసే ముందు సరఫరా ఆపాలి. ఆపడం వల్ల ఇంకా పెద్ద ప్రమాదం వస్తుందనో, ఆపితే ఆ పని చేయడమే కుదరదనో చూపించగలిగితేనే మినహాయింపు. కొలతలు తీసుకోవడం రెండో కోవలోకి వస్తుంది, కరెంటు లేకుండా వోల్టేజీ కొలవలేం కదా. స్క్రూ బిగించడం ఆ కోవలోకి రాదు. ప్రొడక్షన్ ఆగిపోతుందన్నది అసలు కారణమే కాదు.

మర్నాడు ఫోర్‌మన్ నన్ను అదే ప్యానెల్ దగ్గరికి తీసుకెళ్లాడు. ఈసారి గొంతు మామూలుగానే ఉంది. తలుపు మీద ఒక లేబుల్ ఉంది. రోజూ చూస్తున్నదే, ఏనాడూ చదవలేదు. 18 అంగుళాల దూరంలో చదరపు సెంటీమీటరుకు 7.8 కేలరీలు అని రాసి ఉంది. లోపల ఆర్క్ వస్తే, అంటే షార్ట్ అయి కరెంటు గాలిలోంచే మెరుపులా మండితే, మీద పడే వేడి అది. 18 అంగుళాలంటే పని చేసేటప్పుడు ప్యానెల్‌కీ నా మొహానికీ ఉండే దూరం. ఒంటి మీద రెండో డిగ్రీ కాలిన గాయం కావడానికి 1.2 కేలరీలు చాలు. ఆ 1.2కి తగ్గాలంటే నాలుగున్నర అడుగుల అవతల నిలబడాలి. నేను ముందురోజు నిలబడింది కాటన్ చొక్కాతో, మొహానికి ఏ అడ్డూ లేకుండా.

నన్ను బాగా కుదిపింది మాత్రం ఇంకో మాట. కరెంటు తక్కువైతే ప్రమాదం తక్కువని నేను అనుకునేవాణ్ణి. ఆర్క్ విషయంలో అది అన్నిసార్లూ నిజం కాదు. గాలిలోంచి పారే ఆర్క్ కరెంటు, నేరుగా షార్ట్ అయినప్పటి కరెంటు కన్నా తక్కువ. ఆ తక్కువ కరెంటును బ్రేకర్ ఒక్కోసారి అసలు షార్ట్‌గా గుర్తించక, మామూలు ఓవర్‌లోడ్‌లా చూసి ఆలస్యంగా ట్రిప్ అవుతుంది. ఆర్క్ అంతే ఉండి, 0.05 సెకన్లలో ఆరాల్సింది 0.5 సెకన్లు మండితే మీద పడే వేడి పది రెట్లు. అందుకే ప్యానెల్ చూసి అంచనా వేయడం నాకు గానీ, ముప్పై ఏళ్లు చేసినవాళ్లకు గానీ సాధ్యం కాదు. ఆ అంకె లెక్క కట్టి రావాల్సిందే.

ఆ లేబుల్ ముందు నిలబడి ఉంటే నాకు మా సీనియర్ అన్న గుర్తొచ్చాడు. పని నేర్పింది ఆయనే. ఒకసారి ఫ్యూజ్ క్యారియర్ లోడు మీదే పెడుతుంటే పెద్ద మెరుపు వచ్చింది. కనుబొమలు, ముందు జుట్టు కాలిపోయాయి, చేతుల మీద చర్మం ఊడింది. ఆస్పత్రి దగ్గర అందరం అన్న మాట ఒకటే, "షాక్ కొట్టలేదు కదా, అదృష్టం." నేనూ అన్నాను. మనకు భయం అంటే షాకే. ముట్టుకుంటేనే ప్రమాదం, ముట్టుకోకపోతే ఏమీ కాదు. మిగతావన్నీ 'షార్ట్ అయింది' అన్న ఒక్క మాటలో కలిసిపోతాయి. ఆ మంటకు మనం వేరే పేరు కూడా పెట్టుకోలేదు. ఇక్కడివాళ్లకూ పూర్వం నుంచీ తెలిసిందేమీ కాదు. రాల్ఫ్ లీ అనే ఇంజనీర్ ఆర్క్ వల్ల కాలే గాయాలను కరెంటు తెచ్చే 'ఇంకో ప్రమాదం' అని చెబుతూ పేపర్ రాసింది 1982లో. ఆ వేడిని లెక్క కట్టే పద్ధతి చెప్పే ఇంజనీర్ల సంస్థ ప్రమాణం, ఐఈఈఈ 1584, వచ్చింది 2002లో. ఆ అన్నకు కాలింది ఆ తర్వాతే. మా దాకా ఎవరూ తీసుకురాలేదు, అంతే.

ఇప్పుడు నా పని తీరు మారింది. రబ్బరు గ్లౌజు అంచు నుంచి బిగించి చుట్టి, గాలి నింపి, చెంప దగ్గర పెట్టుకుని ఎక్కడైనా గాలి కారుతోందా అని చూస్తాను. దాని మీద తోలు గ్లౌజు. బ్రేకర్ ఆపి, నా తాళం వేసి, తాళంచెవి నా జేబులో పెట్టుకుంటాను. తర్వాత మీటర్‌ను ముందు కరెంటు ఉన్న చోట పెట్టి పని చేస్తోందో లేదో చూడాలి, అప్పుడు నేను పని చేయాల్సిన చోట చూడాలి, మళ్లీ మొదటి చోటే చూడాలి. మూడోది ఎందుకంటే, మధ్యలో మీటరే పాడైతే అది చూపించే సున్నాను నమ్మి చెయ్యి పెడతాం.

మన ఎల్‌సీలో నేను పని చేసిన చోట్ల లేనిది ఇదే. ఫోన్లో "ఇచ్చాం" అంటే ఇచ్చినట్టే. అవతలివాడి మాట మీద నమ్మకంతో ఎక్కేవాళ్లం. ఆ నమ్మకం మీద నాకు ఇప్పటికీ గౌరవమే. ఇక్కడ ఎవరూ ఎవర్నీ అలా నమ్మరు, కొన్నిసార్లు అది నాకు బాధగానే ఉంటుంది.

మా తమ్ముడు కూడా ఇదే పనిలో ఉన్నాడు. మొన్న ఆదివారం ఫోన్లో పనెలా ఉందిరా అంటే, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఉన్నానన్నాడు.

"ఎల్‌సీ తీసుకున్నారా?"

"తీసుకున్నాం అన్నా."

"తీసుకున్నాక లైను మీద టెస్టర్ పెట్టి చూశారా?"

అవతల కాసేపు మాట లేదు. ఎవరో పిలుస్తున్నారు.

"చూస్తాలే అన్నా" అన్నాడు. నేను పదకొండేళ్లు అన్న మాటే. అదే గొంతుతో.

"ఫోన్ పెట్టకు. చూసి చెప్పు, ఇక్కడే ఉంటాను" అన్నాను.