405 టోల్ రేట్ల హియరింగ్‌లో నేను మాట్లాడిన అనుభవం

సియాటెల్‌కు తూర్పున ఉండే తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఎప్పటికీ తెగని గొడవలు రెండు. ఒకటి స్కూల్ డిస్ట్రిక్ట్, రెండోది 405 హైవే మీద టోలు. 2024 మార్చిలో అమల్లోకి వచ్చిన పెంపు ఇంకా ప్రతిపాదనగా ఉన్న రోజుల్లో మా గ్రూపు అట్టుడికిపోయింది. గరిష్ఠ రేటు 10 డాలర్ల నుంచి 15కి. "పట్టపగలు దోపిడీ" అని కొందరు, "ఇష్టముంటే ఎక్కు, లేకపోతే పక్క లేన్‌లో పో" అని కొందరు. ఈ వాదనంతా గ్రూపులోనే పుట్టి గ్రూపులోనే పోతోంది కదా, రేటు పెట్టేవాళ్ళ చెవిన వెయ్యాలంటే దారేంటో చూద్దాం అనిపించింది.

ఈ రోడ్డు ఎరగనివాళ్ళ కోసం రెండు ముక్కలు. బెల్‌వ్యూ నుంచి లిన్‌వుడ్ దాకా 405 మీద ఎక్స్‌ప్రెస్ టోల్ లేన్లు (మామూలు లేన్ల పక్కనే, డబ్బు కడితే వేగంగా పోనిచ్చేవి) 2015 సెప్టెంబరులో మొదలయ్యాయి. ట్రాఫిక్‌ను బట్టి రేటు మారుతూ ఉంటుంది. లేన్ ఎక్కేటప్పుడు బోర్డు మీద ఎంత చూపిస్తే అంతే మనకు పడుతుంది, తర్వాత పెరిగినా మనకు సంబంధం లేదు. రద్దీ వేళల్లో కారులో ముగ్గురుండి, అద్దానికి అంటించిన ఫ్లెక్స్ పాస్ మీద మీటను కార్‌పూల్ వైపు జరిపితే డబ్బు పడదు. టోలు రాకముందు అది మామూలు కార్‌పూల్ లేన్, ఇద్దరున్నా వెళ్ళనిచ్చేవాళ్ళు. మొగుడూ పెళ్ళాం కలిసి ఆఫీసుకెళ్ళే ఇళ్ళలో టోలు మీద కోపం అక్కడే మొదలైంది.

రోడ్డును నడిపేది రాష్ట్ర రవాణా శాఖ. రేటు పెట్టేది మాత్రం అది కాదు, వాషింగ్టన్ స్టేట్ ట్రాన్స్‌పోర్టేషన్ కమిషన్. గవర్నర్ నియమించే ఏడుగురు సభ్యులు అందులో ఉంటారు. మనలో చాలామంది తిట్టాల్సినవన్నీ రవాణా శాఖకు మెయిల్ కొట్టి ఊరుకుంటారు. అది వెళ్ళాల్సిన చోటికి వెళ్ళదు. టోలు రేట్లు రాష్ట్ర నిబంధనల్లో 468-270 అనే అధ్యాయంలో ఉంటాయి. అందులో అంకె మారాలంటే ముందు ప్రతిపాదన ప్రచురించాలి, హియరింగ్ పెట్టి జనం మాట వినాలి. విన్నాక, వచ్చిన అభిప్రాయాలన్నిటినీ రకాలవారీగా క్రోడీకరించి, దేనికి ఒప్పుకున్నారో, దేనికి ఎందుకు ఒప్పుకోలేదో రాసి పెట్టాలని చట్టమే చెబుతోంది. ఇది చదివాక నాకు కాస్త హుషారొచ్చింది. మన ఊళ్ళలో ఏటా టోల్ రేట్లు పెరిగితే పొద్దున్నే పేపర్లో చూసి తెలుసుకోవడమే తప్ప, నీ మాటేంటని అడిగినవాళ్ళు లేరు.

"వీసా మీద ఉన్నవాళ్ళం, ఇలాంటివాటిలో మన పేరెందుకన్నా?" అని ఒక తమ్ముడు అడ్డం పడ్డాడు. ఆ భయం నాకూ అర్థమవుతుంది. కానీ ఇది ఓటు కాదు, అభిప్రాయం చెప్పడానికి పౌరసత్వం ఉండాలనే షరతు లేదు. పేరూ మాటా పబ్లిక్ రికార్డులోకి వెళతాయన్నది మాత్రం నిజం. అందుకని రాసి పంపేవాళ్ళు ఉత్తరంలో ఫోన్ నంబరూ ఇంటి నంబరూ పెట్టకపోతే మంచిది.

అసలు పని చదవడంలో ఉంది. నన్నడిగితే మాట్లాడటం దానిముందు సులువు. రద్దీ వేళల్లో 90 శాతం సమయం ఆ లేన్‌లో వేగం గంటకు 45 మైళ్ళకు తగ్గకూడదని నియమం ఉంది. అంటే ఇక్కడ టోలు వసూలు కోసమే పెట్టింది కాదు, కుళాయి లాంటిది. లేన్ నిండుతుంటే రేటు పెంచి జనాన్ని ఆపుతారు, ఖాళీగా ఉంటే తగ్గించి రమ్మంటారు. గరిష్ఠం 10 దగ్గరే ఆగిపోతే కుళాయి ఇక తిరగదు, లేన్ నిండిపోతుంది, పది కట్టినవాడూ పక్కవాడితో పాటు పాకాల్సిందే. పెంపు కావాలన్నవాళ్ళ వాదన ఇదే, కొట్టిపారేసేది కాదు. వర్జీనియాలో 66 హైవే మీద 2017 డిసెంబరులో టోలు మొదలుపెట్టినప్పుడు గరిష్ఠమంటూ పెట్టలేదు. మొదటి వారంలోనే రేటు 40 డాలర్ల దాకా వెళ్ళి దేశమంతా వార్తయింది. గరిష్ఠం ఉండటం ఎందుకు ముఖ్యమో చెప్పడానికి దాన్ని నోట్సులో రాసుకున్నాను.

మరి నేను దేన్ని వ్యతిరేకించాలి? "గ్యాలన్‌కు 49.4 సెంట్లు గ్యాస్ ట్యాక్స్ కడుతున్నాం, మళ్ళీ టోలేంటి" అనేది అప్పట్లో గ్రూపులో అందరికీ నచ్చిన డైలాగు. కమిషన్ ముందు అది పనికిరాదు, ట్యాక్సు వాళ్ళ చేతిలో లేదు. "టోలే వద్దు" అన్నా అంతే. టోలు పెట్టాలా వద్దా అన్నది శాసనసభ చూసుకుంటుంది. పైగా 2019లో ఈ టోలు రాబడి మీద బాండ్లు అమ్మి రోడ్డు పనులు చేసుకోవడానికి సభ ఒప్పుకుంది కాబట్టి, ఆ డబ్బు ఆగిపోవడం అంత తేలిక కాదు. కమిషన్ చేతిలో ఉన్నది రేటు, వేళలు, ఎవరికి మినహాయింపు అన్నవి. జనం గోల చేస్తే వాటిని మార్చిన చరిత్ర కూడా ఉంది. లేన్లు మొదలైన కొద్ది నెలలకే, 2016లో, అప్పటికి రాత్రిళ్ళూ వారాంతాలూ టోలు తీసేశారు.

నా పాయింటు దారిలో ఉన్న బాథెల్ ఊరి దగ్గర దొరికింది. బెల్‌వ్యూ నుంచి అక్కడి దాకా ఎక్స్‌ప్రెస్ లేన్లు రెండు. 522 రోడ్డు దాటాక లిన్‌వుడ్ వైపు ఒకటే. రెండు లేన్ల కార్లు ఒకదానిలో దూరాలి. వేగం పడిపోయేది ముఖ్యంగా ఆ ముక్కలోనే, శాఖ రిపోర్టుల్లోనూ ఆ మాట ఉంది. అక్కడ రద్దీకి కారణం రేటు చవకగా ఉండటం కాదు, లేన్ లేకపోవడం. లేన్ లేని చోట రేటు పెంచితే ఇంకొంతమంది బయటికి పోతారు, అంతే. పోయేది ఎవరు? సాయంత్రం ఆరులోపు పిల్లను డేకేర్ నుంచి తీసుకోకపోతే నిమిషానికింతని ఫైన్ కట్టాల్సినవాళ్ళు ఎలాగూ పోరు, 15 అయినా కడతారు. వాళ్ళకది ఎంపిక కాదు. అందుకని రెండో లేన్ పడేదాకా బాథెల్‌కు ఉత్తరాన ఉన్న ముక్కకు విడిగా, తక్కువ గరిష్ఠం పెట్టమని అడగాలని నిర్ణయించుకున్నాను.

ఇదంతా రాస్తే రెండు పేజీలొచ్చింది. మాట్లాడటానికి ఇచ్చేది చాలా కొద్ది సమయం. కోసి కోసి చివరికి మూడు వాక్యాలు మిగిల్చాను: ఎక్కడ, ఎందుకు, ఏం చెయ్యాలి. వర్జీనియా పోయింది, డేకేర్ ఒక్క ముక్కగా మిగిలింది. పూర్తి ఉత్తరం మెయిల్‌లో ముందే పంపేశాను. నోటితో చెప్పేదానికీ రాసి పంపేదానికీ విలువ సమానమే కాబట్టి, మైకంటే టెన్షన్ పడేవాళ్ళు మెయిల్‌తో సరిపెట్టుకున్నా నష్టం లేదు.

హియరింగ్ రోజు జూమ్‌లో చేరి నా పేరు పిలిచేదాకా విన్న మాటలే నాకు ఎక్కువ గుర్తున్నాయి. పెంపు కోరుతూ మాట్లాడినాయన ఐటీ మేనేజరు కాదు, సొంత వ్యాన్‌లో తిరిగే ప్లంబరు. ట్రాఫిక్‌లో గంట పోతే ఒక కస్టమర్ పోతాడు, దానిముందు 15 డాలర్లు ఎంత అన్నాడు. "లెక్సస్ లేన్", అంటే డబ్బున్నోళ్ళ లేన్, అని వెక్కిరించేవాళ్ళు ఈయన్ని లెక్కలో వేసుకోరు. ఆ వెంటనే ఒక నర్సు మాట్లాడింది. తన షిఫ్టు వేళలు తన చేతిలో లేవని, రద్దీ లేనప్పుడు రమ్మనే సలహా ఆఫీసువాళ్ళకే పనికొస్తుందని. ఇద్దరిదీ నిజమే. నా వంతు రాగానే కాగితం చూసి గబగబా చదివేశాను. ఎవరూ ప్రశ్నలు అడగలేదు. థాంక్యూ చెప్పి తర్వాతి పేరు పిలిచారు. అప్పటికే పొయ్యి మీద పప్పు మాడుతోందని లోపల్నుంచి మా ఆవిడ కేక.

పెంపు ఆగలేదు. 2024 మార్చి 1 నుంచి కనిష్ఠం 75 సెంట్ల బదులు ఒక డాలరు, గరిష్ఠం 15. బాథెల్ అవతలి ముక్కకు వేరే రేటు రాలేదు. గ్రూపులో మళ్ళీ "చెప్పానా, అంతా ముందే రాసిపెట్టుకుంటారు" అన్నారు. నాకు అలా అనిపించలేదు. ఆ 45 మైళ్ళ నియమం ఉన్నంతకాలం గరిష్ఠాన్ని పైకి జరపడం తప్ప ఏ కమిషన్‌కైనా పెద్ద దారి ఉండదు. నియమం మార్చాలన్నా, తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళ డిస్కౌంటుకు డబ్బు కేటాయించాలన్నా సభకే వెళ్ళాలి. ఈ రాష్ట్రంలో ప్రతి శాసనసభ నియోజకవర్గానికీ ఒక సెనేటరు, ఇద్దరు ప్రతినిధులు ఉంటారు. అదే ఉత్తరాన్ని కాస్త మార్చి, డిస్కౌంటు సంగతి పైకి తెచ్చి, మా నియోజకవర్గం ముగ్గురికీ పంపాను. వీసా సంగతి ఎత్తిన తమ్ముడు ఈసారి తనూ సొంతంగా ఒకటి రాసి పంపాడు, అందులో నా బాథెల్ పాయింటుతో ఒప్పుకోలేదు.