కోడిపిల్ల మేత సంచి తెల్లారినా దిగకపోతే: నా అనుభవం

కోడిపిల్ల మెడ కింద, రొమ్ము మీద, కాస్త కుడివైపుకి చిన్న ఉబ్బు ఉంటుంది. అదే మేత సంచి. పిల్ల మింగిందంతా ముందు అక్కడ చేరి, నాని, కొంచెం కొంచెంగా కిందకి దిగి కందనకాయలో నలుగుతుంది. సాయంత్రం అది నిండుగా కనపడితే సంతోషించాల్సిందే. తెల్లారి మేత వెయ్యకముందు కూడా అలాగే ఉంటేనే టెన్షన్. ఈ తేడా తెలియక మా వీధిలో చాలామంది పొద్దుగూకే వేళ ఆ ఉబ్బు చూసి, గడ్డ లేచిందని కంగారుపడి, బాగున్న పిల్లని పట్టుకుని నలిపేస్తుంటారు.

మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. వానాకాలం చివర్లో పాతిక వనరాజా పిల్లల్ని తెచ్చుకున్నాం. ఇది రాజేంద్రనగర్‌లో ఉన్న కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసం తయారుచేసిన రకం. బాగా ఎదుగుతాయి. కాకపోతే తల్లి లేకుండా వచ్చిన పిల్లలు కాబట్టి వెచ్చదనం మనమే చూసుకోవాలి. గంప కింద బల్బు పెట్టాం. మా వైపు కొబ్బరి పీచు తీసే మిషన్లు ఎక్కువ. అందుకని పిల్లల కింద ఊకకి బదులు పీచుపొట్టు పోయడం ఊళ్లో వాడుక. డబ్బు పెట్టక్కర్లేదు, తేమ కూడా బాగా పీలుస్తుంది. అయితే ఆ పొట్టులో సన్నటి పీచు పోగులు కూడా కలిసి ఉంటాయి.

ఇంతలో వాయుగుండం పట్టింది. ఓ రాత్రి కరెంటు పోయి తెల్లవార్లూ రాలేదు. పొద్దున్నే గంప ఎత్తితే పిల్లలన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కి ముద్దగా ఉన్నాయి. ఒక్కొక్కదాన్నీ అరచేతిలోకి తీసుకుని సంచి తడిమి చూశాను. చాలావాటికి రాత్రి తిన్న మేత సగం అలాగే ఉంది.

మా అత్తయ్య గారు వెంటనే బెల్లం నీళ్లు కలపబోయారు. "కాసేపు ఆగండత్తయ్యా, డాక్టర్ గారిని అడుగుదాం" అని పశువుల ఆసుపత్రికి ఫోన్ చేశాను. ఆయన మొదట అడిగింది సంచి గురించి కాదు, పిల్లల కాళ్లు చల్లగా ఉన్నాయా అని. ఉన్నాయన్నాను. "అయితే ఎవరూ నలపొద్దమ్మా. ఒళ్లు చల్లబడితే లోపల మేత కదలదు. ముందు వెచ్చబెట్టండి, గోరువెచ్చటి నీళ్లు పెట్టండి. మేత తర్వాత" అన్నారు. ఇంకా కరెంటు లేదు. సీసాల్లో వేడినీళ్లు పోసి, గుడ్డ చుట్టి గంపలో అటూ ఇటూ పెట్టాం. మధ్యాహ్నానికల్లా చాలా పిల్లల సంచులు వాటంతట అవే దిగిపోయాయి. మందూ లేదు, మర్దనా లేదు.

దిగనివి మూడు మిగిలాయి. అన్నీ ఒకే జబ్బు కాదని చేత్తో పట్టుకుంటేనే తెలిసింది. రెండింటికి సంచి గట్టిగా ఉండలా తగులుతోంది. వాటిలో ఒకదాని ముక్కు పక్కనుంచి గోధుమరంగు పీచు పోగు బయటికి వేలాడుతోంది. మూడోదాని సంచి మాత్రం మెత్తగా, లోపల నీళ్లు అటూ ఇటూ కదులుతున్నట్టు ఉంది. ముక్కు దగ్గర వాసన చూస్తే పులిసిన కల్లులా గుప్పుమంది.

ఇంతలో పక్కింటి బాబాయ్ గారు వచ్చారు. ఆయన సంక్రాంతి పందేలకి డేగ, నెమలి రకాల పుంజుల్ని పెంచే మనిషి, కోడిని చూస్తే దాని జాతకం చెప్పేస్తారు. "తలకిందులుగా పట్టుకుని కింద నుంచి పిండెయ్ అమ్మాయ్, పుల్లనీళ్లన్నీ పోతాయి. పీచుదానికి సంచి కోసి తీసి కుట్టెయ్యడమే" అన్నారు. మూడు కిలోల పుంజుకి ఆయన చేసేవారేమో. పిల్ల నోరు తెరిచి చూస్తే, నాలుక వెనకే చిన్న రంధ్రం తెరుచుకుంటూ మూసుకుంటూ కనపడుతుంది. అదే ఊపిరి గొట్టం. సంచిలోంచి పైకి తన్నిన నీళ్లు దాని మీదుగానే రావాలి. ఒక్క చుక్క అందులోకి జారినా అంత చిన్న పిల్ల తట్టుకోలేదు. డాక్టర్ గారు కూడా ఫోన్‌లో ఇదే గట్టిగా చెప్పారు. బాబాయ్ గారికి కాఫీ ఇచ్చి, ఆ మాట అక్కడితో వదిలేశాం.

పీచు మింగిన పిల్లలకి డాక్టర్ గారు చెప్పిన పద్ధతి ఇది. మేత ఆపెయ్యాలి. బయటికి వేలాడే పోగుని లాగకూడదు, రెండో కొస లోపల ఎక్కడ చుట్టుకుని ఉందో మనకి తెలియదు కాబట్టి. ముక్కు దగ్గరగా కత్తిరించి వదిలేశాను. చెవిమందు ఫిల్లర్‌ని వేడినీళ్లలో కడిగి, గోరువెచ్చటి నీళ్లు, ఒకటి రెండు చుక్కల కొబ్బరినూనె పట్టాను. ఇందులో తొందర పనికిరాదు. ఫిల్లర్ నోట్లోకి తొయ్యకుండా, చుక్కని ముక్కు అంచున పక్కగా ఆనించి ఉంచాలి. పిల్ల ఒక్క క్షణం కదలదు. తర్వాత నాలుక ఆడుతుంది, తల పైకెత్తి మింగుతుంది. అప్పుడే రెండో చుక్క. కాసేపాగి, బొటనవేలూ చూపుడువేలూ మధ్య ఉండని పట్టుకుని, గుండ్రంగా, బలం పెట్టకుండా, ఉన్నచోటే మెత్తబరచాలి. పైకి గొంతు వైపు నెట్టకూడదు. కాసేపు చేసి, పిల్లని వెచ్చటి చోట వదిలెయ్యాలి. మళ్లీ కొన్ని గంటలకి అదే పని.

ఇసుక వేస్తే అరుగుతుందని ఊళ్లో ఒక నమ్మకం ఉంది. కోడికి ఇసుక కావాలన్న మాట నిజమే, కానీ అది పనిచేసేది కందనకాయలో. గింజని నలిపేది అక్కడే. సంచి దగ్గరే దారి మూసుకుపోయిన పిల్లకి ఇసుక వేస్తే, ఉన్న ఉండకి బరువు తోడవుతుంది, అంతే. బాగున్న పిల్లలకి, అవి స్టార్టర్ మేత (చిన్న పిల్లలకని అమ్మే మేత) కాక నూకలో గడ్డో తింటున్నప్పుడు, జల్లెడ పట్టిన గోదావరి ఇసుక చిటికెడు చల్లితే చాలు. గిన్నె నిండా పెడితే ఆకలి మీద ఇసుకే తినేస్తాయి.

పులిసినదాని కథ వేరు. అది బూజు జాతి సూక్ష్మజీవి పని, దాని పేరు క్యాండిడా. ఎక్కువ రోజులు యాంటీబయాటిక్ నీళ్లు తాగిన పిల్లలకీ, బూజు పట్టిన మేత తిన్నవాటికీ ఇది తొందరగా వస్తుందట. పిల్లల్ని అమ్మినతను ప్రతి గంపకీ అలవాటుగా ఏదో పొడి నీళ్లలో కలుపుతాడని అప్పుడు గుర్తొచ్చింది. జబ్బు లేకుండా ఆ పొడులు ఎందుకు వేస్తారో నాకు అర్థం కాదు. బెల్లం నీళ్లు దీనికి అసలు పనికిరావు, తీపి దొరికితే ఆ బూజు ఇంకా రెచ్చిపోతుంది. చేపల చెరువుల వాళ్ల దగ్గర దొరికే మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) కలపమని ఇంకొకరు చెప్పారు. పాతకాలం నుంచి వాడేదే, కానీ కాస్త ఎక్కువైతే అదే విషం. చిన్న పిల్లకి ఆ కాస్త ఎంతో కొలిచేదెవరు? డాక్టర్ గారు బరువు అడిగి బూజుని చంపే మందు రాసిచ్చారు. మోతాదు ఇక్కడ రాయను, పిల్ల బరువు చూసి డాక్టరే చెప్పాలి. ఆ పిల్లని విడిగా పెట్టి, నీళ్ల గిన్నె రోజూ కడిగి ఎండబెట్టాం. మందు మొదలయ్యాక ముందు వాసన తగ్గింది, తర్వాత సంచి దిగింది. ఆపైన నానబెట్టిన స్టార్టర్ మేత కొద్దికొద్దిగా మొదలుపెట్టాం.

పీచు పిల్లల్లో ఒకదానికి ఉండ మెత్తబడి, రెట్టలో పోగులు పడ్డాయి. రెండోది దక్కలేదు. దాని సంచి చివరిదాకా రాయిలాగే ఉంది.

తణుకు వైపు గుడ్ల కోళ్ల (లేయర్) ఫారంలో చేసే మా తమ్ముడికి ఇదంతా చెబితే, వాళ్ల పద్ధతి చెప్పాడు. పిల్లలు ఫారానికి వచ్చిన 24 గంటలకి కొన్నిటిని పట్టుకుని సంచి తడుముతారట. నూటికి 95 నిండుగా, మెత్తగా ఉండాలి. గట్టిగా ఉంటే నీళ్లు అందడం లేదని, ఒట్టి నీళ్లే తగిలితే మేత దొరకడం లేదని లెక్క. వేడి మొదటి వారం 35 డిగ్రీల దగ్గర ఉంచి, తర్వాత వారానికి 3 డిగ్రీల చొప్పున తగ్గిస్తారు. నాకు థర్మామీటర్ కన్నా పిల్లలే నయం. బల్బు కింద గుంపు కడితే చలి, అంచులకి పోయి నోరు తెరిస్తే వేడి.

ఇప్పుడు మా గంపలో పీచుపొట్టు లేదు. ఊక పోసి, మొదటి వారం దానిమీద పాత నూలు గుడ్డ పరుస్తున్నాం, మేతకీ ఊకకీ తేడా తెలిసేదాకా. న్యూస్ పేపర్ వద్దు, దానిమీద కాళ్లు జారి పిల్లలకి తొడలు విచ్చుకుపోతాయి. గుడ్డ అంచుల్లో దారాలు లేస్తే కత్తిరించాలి, వాటినీ పొడుచుకు తింటాయి. వాన రోజుల్లో ఊరిదాకా డాక్టర్ రావాలంటే 1962కి ఫోన్ చేస్తే పశువుల అంబులెన్స్ వస్తుంది. కోళ్లకి కూడా చూస్తారా అని మొహమాటపడకుండా అడగండి.