చంపాలని కొట్టలేదన్నారు: మా తమ్ముడి కేసు 105 నుంచి 103కి ఎలా వచ్చింది

మొన్న సెషన్స్ కోర్టులో మా తమ్ముడి కేసుకి ఛార్జి ఫ్రేమ్ అయింది, అంటే ముద్దాయి మీద ఏ నేరం కింద విచారణ జరగాలో కోర్టు ఖరారు చేసింది. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 103(1), అంటే హత్య. ఈ అంకె పడడానికి నేను ఎక్కిన మెట్లు, పడ్డ మాటలు నాకే తెలుసు. కోపం చల్లారకముందే రాసేస్తున్నా. చల్లారితే మర్యాదగా రాస్తానేమో, అది నాకిష్టం లేదు.

గొడవ ప్రహరీ గోడ గురించి. పక్కింటాయన అడుగున్నర మా తమ్ముడి స్థలంలోకి జరిగి పునాది తీశాడు. మాటా మాటా పెరిగింది. ఆయన లోపలికి వెళ్లి ఇనుప పైపు ముక్క పట్టుకొచ్చాడు. మొదటి దెబ్బకి తమ్ముడు చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు, ముంజేతి ఎముక విరిగింది. రెండో దెబ్బ తల మీద. పడిపోయాక ఇంకొకటి, అదీ తల మీదే. ఈ వరస గుర్తుపెట్టుకోండి, కేసంతా దీని మీదే నడిచింది.

ఆసుపత్రిలో ఎంఎల్‌సీ (పోలీసు కేసుగా గాయాల నమోదు) రాశారు. తమ్ముడికి స్పృహ లేదు కాబట్టి మరణ వాంగ్మూలం ప్రశ్నే రాలేదు. మా మరదలు ఫిర్యాదు ఇచ్చింది, ఎఫ్‌ఐఆర్ కట్టారు, కాపీ ఉచితంగా ఇచ్చారు. అక్కడిదాకా ఇబ్బంది లేదు.

ఇబ్బంది సెక్షన్‌లో ఉంది. 118(1) వేశారు. ప్రమాదకరమైన ఆయుధంతో గాయపరచడం, గరిష్ఠంగా మూడేళ్లు. మనిషి వెంటిలేటర్ మీద ఉంటే ఇదేం సెక్షన్ సార్, హత్యాయత్నం 109 కదా అని అడిగితే, "గాయం ఎంత పెద్దదో డాక్టర్ సర్టిఫికెట్ రావాలమ్మా, వచ్చాక మారుస్తాం" అన్నారు. ఏడేళ్ల లోపు శిక్ష ఉన్న నేరం కాబట్టి అరెస్టు లేదు. నోటీసు చేతిలో పెట్టి ఇంటికి పంపేశారు. మేం ఐసీయూ బయట బెంచీల మీద కూర్చుని ఉంటే, ఆయన ఆ పునాదికి కాంక్రీటు పోయించుకున్నాడు. వీధిలో వాళ్లు ఫోన్ చేసి చెప్పారు. ఆ వీధిలో వాళ్లే, కొట్టేటప్పుడు ఫోన్‌లో వీడియో తీసినవాళ్లే, సాక్షిగా సంతకం పెట్టమంటే మాత్రం తలుపులేసుకున్నారు. వీడియో తీయడానికి ధైర్యం ఉంటుంది, చూశాం అని చెప్పడానికి ఉండదు. ఈ కాలపు మనుషుల సంగతి ఇంతే.

వారం తిరక్కుండానే తమ్ముడు పోయాడు.

శవ పంచనామా మార్చురీ వరండాలో జరిగింది. హెడ్ కానిస్టేబుల్ మోకాలి మీద అట్ట పెట్టుకుని, కింద కార్బన్ పేపర్ వేసుకుని రాస్తున్నాడు. పంచాయతీదారులు ముగ్గురు ఎప్పుడెప్పుడు సంతకం పెట్టి వెళ్దామా అన్నట్టు నిలబడ్డారు. నేను బళ్లో టీచర్ని. ఎదురుగా ఉన్న కాగితాన్ని తలకిందులుగా చదవడం నాకు అలవాటే. "ఇరువురి మధ్య తోపులాటలో కిందపడి తలకు గాయమై" అని కనిపించింది. తోపులాట ఎవరు చూశారు సార్, ఫిర్యాదులో ఎక్కడుంది అని అడిగాను. "అది మామూలుగా రాసే పద్ధతమ్మా" అన్నాడు. మా మరదలి స్టేట్‌మెంట్‌లో పైపు, మూడు దెబ్బలు రాసేదాకా సంతకం పెట్టనివ్వనన్నాను. శవం ఆలస్యమవుతుందని మా వాళ్లే నన్ను కసిరారు. అయినా కదల్లేదు. చివరికి కొట్టేసి పక్కన మళ్లీ రాశాడు. ఏడుస్తూ కూడా ఆ కాగితం చదవండి, చదివాకే సంతకం పెట్టండి. ఇంతకంటే పెద్ద సలహా నా దగ్గర లేదు.

చనిపోయాక సెక్షన్ మారుస్తూ కోర్టుకి మెమో పంపుతారు. పంపారు. ఏం పెట్టారని అడిగితే స్టేషన్‌లో కాగితాలు రాసే రైటర్ రిజిస్టర్ తిప్పి "105" అన్నాడు. హత్య కాని నేరపూరిత నరహత్య. పక్కింటాయన్ని అరెస్టు చేసి రిమాండుకి పంపారు కాబట్టి మా బంధువులు "ఏదో ఒక సెక్షన్, లోపలేశారు కదా" అని సర్దుకున్నారు. నేను సర్దుకోలేకపోయాను.

సీఐ గారిని కలవడానికి వెళ్లిన రోజు నా జన్మలో మర్చిపోను. పొద్దున వెళితే మధ్యాహ్నం దాటాక లోపలికి పిలిచారు. కుర్చీ ఖాళీగానే ఉంది, కూర్చోమనలేదు. నేను నోరు తెరవకముందే "మీ తమ్ముడికి తాగే అలవాటుందా?" అన్నారు. లేదన్నాను. "ఆ రోజు తాగాడా?" లేదన్నాను. "మీరు అక్కడ లేరు కదా, మీకెలా తెలుసు?" ఆసుపత్రి కాగితాల్లో మద్యం వాసన లేదని రాసి ఉంది సార్ అన్నాను. ఆ మాట ఆయనకు నచ్చలేదు. తర్వాత చెయ్యి ఊపుతూ చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పారు: "చూడమ్మా, చంపాలనుకుంటే కత్తి తెస్తాడు. పైపుతో కొట్టాడంటే బెదిరిద్దామని. కోపంలో కొట్టాడు, తగలరాని చోట తగిలింది. చంపాలని కొట్టలేదు. పైగా అప్పటికప్పుడు పోలేదు కదా, ఆసుపత్రిలో పోయాడు. ట్రీట్‌మెంట్ ఎలా జరిగిందో ఎవరికి తెలుసు?" పక్కన నిలబడ్డ కానిస్టేబుల్ నవ్వాడు. ఆ నవ్వు ఇంకా చెవుల్లో ఉంది. బయటికొచ్చాక మెట్ల మీద కాళ్లు వణికాయి. భయంతో కాదు.

అదే వారం మా పెదనాన్న వరసాయన పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. అవతలివాళ్లు డబ్బిస్తారట, ఇద్దరు పిల్లల చదువులకి పనికొస్తుందట. 103 గానీ 105 గానీ రాజీ పడే కేసులు కావు, కోర్టు ఒప్పుకోదు. మరి డబ్బెందుకంటే, సాక్షులు అడ్డం తిరగడానికి. ఈ సంగతి ఎవరూ నోటితో చెప్పరు. మా మరదలు మంచినీళ్లు ఇచ్చి పంపేసింది. ఆ పిల్ల అంత గట్టిది అని నాకు ఆ రోజే తెలిసింది.

తర్వాత ఒక లాయరమ్మ దొరికింది. ప్రాక్టీసు మొదలుపెట్టి ఎన్నాళ్లో కాలేదు. పెద్ద పేరున్న లాయర్ దగ్గరికి ముందు వెళ్లాం, ఆయన ఫైల్ తెరవకుండానే ఫీజు చెప్పాడు. ఈ అమ్మాయి ముందు ఎఫ్‌ఐఆర్, పంచనామా, పోస్టుమార్టం రిపోర్టు అన్నీ చదివి "అక్కా, సీఐ గారు చెప్పింది సగం చట్టం" అంది. తను చెప్పింది నాకు అర్థమైనంతవరకు ఇదీ.

మనిషి చావుకు కారణమైన నేరం గురించి సెక్షన్ 100 చెబుతుంది. అందులో ఏది హత్య అవుతుందో 101 చెబుతుంది. చంపాలనే ఉద్దేశం ఉంటే హత్యే, అందులో తగాదా లేదు. కానీ హత్య కావడానికి అదొక్కటే దారి కాదు. ఒక గాయం చెయ్యాలనుకుని చేసి, ఆ గాయం మామూలుగా ప్రాణం తీయడానికి సరిపోయేది అయితే, అదీ హత్యే. చంపుదామనుకోలేదు అంటే చెల్లదు. తల మీద కొట్టాలనుకున్నాడా లేదా, అదీ ప్రశ్న. 1958లో విర్సా సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. అక్కడ పొట్టలో ఒకే ఒక్క ఈటె పోటు. మన తెలుగు నేల మీద నుంచే వెళ్లిన కేసు ఇంకోటి ఉంది, రాయవరపు పున్నయ్య కేసు, 1976 తీర్పు. బస్సు దిగినవాడి వెంటపడి బరువైన కర్రలతో కాళ్లూ చేతులూ విరగ్గొట్టారు. తల మీదా గుండె మీదా కొట్టలేదు కదా అని హైకోర్టు 304 రెండో భాగానికి (చంపే ఉద్దేశం లేదు, చావొచ్చని మాత్రం తెలుసు అనే తేలిక భాగం) తగ్గిస్తే, సుప్రీంకోర్టు మళ్లీ 302 చేసింది. అప్పటి ఐపీసీ 302 ఇప్పటి 103, అప్పటి 304 ఇప్పటి 105. కాళ్లు చేతుల మీద కొడితేనే హత్య అయినప్పుడు, పడిపోయినవాడి తల మీద కొడితే ఏమవుతుందో సీఐ గారికి తెలియదా?

ఆసుపత్రిలో పోయాడన్న మాటకి సెక్షన్ 100 కింద వివరణలోనే జవాబుంది. గాయం వల్ల మనిషి పోతే, మంచి వైద్యం అందితే బతికేవాడేమో అన్నా సరే, చావుకి కారణం గాయం చేసినవాడే. ఇది చదివిన రోజు నాకు కడుపు నిండినట్టయింది.

అయితే అవతలివాళ్లకీ ఒక దారి ఉంది. ముందస్తు ఆలోచన లేకుండా, అప్పటికప్పుడు పుట్టిన కొట్లాటలో, ఆవేశంలో జరిగితే 105కి దిగుతుంది. కానీ అవకాశం తీసుకుని క్రూరంగా కొట్టి ఉండకూడదు. పులిచెర్ల నాగరాజు కేసులో, అదీ మన ఆంధ్రప్రదేశ్‌దే, 2006లో సుప్రీంకోర్టు ఏమేం చూడాలో వరసగా చెప్పింది: ఆయుధం ఏమిటి, వెంట తెచ్చుకున్నదా అక్కడ దొరికిందా, దెబ్బ ఎక్కడ, ఎంత బలంగా, ఒకటా ఎన్నా, పాత పగ ఉందా. లాయరమ్మ ఇది చదువుతుంటే నేను వేళ్లు మడిచాను. లోపలికి వెళ్లి తెచ్చాడు. తల మీద కొట్టాడు. పడ్డాక కొట్టాడు. పాత పగకి కాగితం ఉంది. గోడ గురించి తమ్ముడు అంతకుముందే అదే స్టేషన్‌లో అర్జీ ఇచ్చాడు, నన్ను బెదిరిస్తున్నాడని అందులో రాశాడు. అలాంటి అర్జీ ఏదీ లేదని స్టేషన్‌లో అన్నారు. తమ్ముడి ఫోన్‌లో రసీదు ఫొటో ఉంది.

ఇవన్నీ రెండు పేజీల్లో నేనే రాశాను, లాయరమ్మ ఒక్క అక్షరం మార్చలేదు. సోమవారం ఎస్పీ ఆఫీసు గ్రీవెన్స్‌లో ఇచ్చి రసీదు తీసుకున్నాం. అక్కడి నుంచి డీఎస్పీకి వెళ్లింది. తర్వాత కదలిక వచ్చింది. పై నుంచి కాగితం వస్తే తప్ప కదలని ఆఫీసుల్ని ఏమనాలో నాకు తెలుసు, ఇక్కడ రాయను. ఎదురింటి కుట్టుమిషన్ ఆవిడ చివరికి ముందుకొచ్చి, మేజిస్ట్రేట్ ముందు భారతీయ నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 183 కింద స్టేట్‌మెంట్ ఇచ్చింది. వీధిలో మగాళ్లంతా ఉండగా ఆవిడ ఒక్కతే.

ఇంకో ముఖ్యమైన కాగితం పోస్టుమార్టం డాక్టర్ అభిప్రాయం. రిపోర్టులో చావుకి కారణం తల గాయాలు అని ఉంటుంది గానీ, ఆ గాయాలు మామూలుగా ప్రాణం తీయడానికి సరిపోతాయా అనేది దర్యాప్తు అధికారి అడిగితేనే రాస్తారు. మా కేసులో అడగలేదు. మా అర్జీ తర్వాతే పైపుతో సహా పంపి అడిగారు. తల మీద రెండు గాయాలూ విడివిడిగానే ప్రాణం తీసేంతవి అని, ముంజేతి విరుపు అడ్డం పెట్టుకున్నప్పటిది అని జవాబొచ్చింది. తోపులాటలో పడితే ముంజెయ్యి అలా విరగదు.

ఛార్జిషీట్ గడువు దగ్గర పడుతుంటే మళ్లీ టెన్షన్. 90 రోజుల్లో వెయ్యకపోతే ముద్దాయికి బెయిల్ హక్కుగా వస్తుంది. గడువు లోపే వేశారు, 103(1)తోనే. ఆయన తర్వాత మామూలు బెయిల్ మీద బయటికొచ్చాడు, అది వేరే కడుపుమంట.

కేసు మేజిస్ట్రేట్ కోర్టు నుంచి సెషన్స్‌కి కమిట్ అయింది, అంటే విచారణ కోసం అక్కడికి పంపారు. కేసు నడిపేది పీపీ గారే (ప్రభుత్వం తరఫు లాయర్), మన లాయర్ ఆయనకి సాయం మాత్రమే చెయ్యగలరు, దానికి కోర్టు అనుమతి తీసుకోవాలి. మా పీపీ గారు మంచివారు గానీ చేతిలో బోలెడు ఫైళ్లు. లాయరమ్మ తేదీల వరస, పైపు, డాక్టర్ జవాబు ఒక పేజీలో రాసిచ్చింది. ముద్దాయి తరఫు లాయర్ 105 చాలు అని గంట వాదించాడు. ఈ దశలో సాక్ష్యాన్ని తూకం వెయ్యను, ఛార్జికి ఆధారం ఉందా అనేదే చూస్తానని జడ్జి గారు 103(1) ఫ్రేమ్ చేశారు. ముద్దాయి నేరం ఒప్పుకోనన్నాడు.

ఇంత పట్టు ఎందుకంటే, 103 ఛార్జి ఉంటే విచారణ తర్వాత కోర్టు కావాలంటే 105కి తగ్గించి శిక్ష వెయ్యొచ్చు. 105తోనే మొదలైతే, ఛార్జి మార్చకుండా 103 కింద శిక్ష వెయ్యడానికి లేదు. తీర్పు దాకా ఛార్జి మార్చే అధికారం కోర్టుకి ఉందంటారు గానీ, దాని కోసం కూర్చుంటే కూర్చున్నట్టే. 103కి యావజ్జీవం లేదా మరణశిక్ష. 105 రెండో భాగంలో గరిష్ఠం పదేళ్లు, కనిష్ఠం ఏదీ లేదు. స్టేషన్‌లో "ఏ సెక్షన్ అయినా ఒకటేనమ్మా" అన్నాయన ఈ రెండు లైన్లు చదువుకోవాలి.

జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో పరిహారానికి మరదలి చేత దరఖాస్తు పెట్టించాం. దానికి తీర్పు దాకా ఆగక్కర్లేదు, పెట్టేయండి.

విచారణ ఇంకా మొదలుకాలేదు. మొదటి సాక్షి మరదలు, రెండోది కుట్టుమిషన్ ఆవిడ. ఆవిడ ఇంటికి ఈ మధ్య ఎవరెవరో వచ్చి పోతున్నారని తెలిసింది. సాక్షుల రక్షణ పథకం కింద దరఖాస్తు రాస్తోంది మా లాయరమ్మ. సంతకం కోసం రేపు ఆవిడ దగ్గరికి నేనే వెళ్తున్నా.