ముద్దని నోట్లోకి నెట్టే వేలు ఏది? నా బీఓటీ అనుభవం

నిన్న సాయంత్రం ఇంటర్న్‌షిప్ పూర్తయినట్టు కాగితం చేతికొచ్చింది. బీఓటీ, అంటే బ్యాచిలర్ ఆఫ్ ఆక్యుపేషనల్ థెరపీ, నాలుగున్నరేళ్ల కోర్సు. నాకు ఐదేళ్లు పట్టింది. ఆ మిగతా ఆరు నెలలు ఎక్కడ పోయాయో చెబుదామనే కూర్చున్నాను, మిగతాదంతా దానికి ముందూ వెనకా.

మాది పలాస దగ్గర పల్లె. ఇంటర్ బైపీసీ. నీట్ మార్కులు ఇక్కడ రాసుకునేంత గొప్పవి కావు. ఫిజియోథెరపీ (బీపీటీ) అనుకున్నాను, సీటు దొరకలేదు. కేంద్ర ప్రభుత్వ పునరావాస సంస్థల్లో బీపీటీ, బీఓటీ, బీపీఓ మూడింటికీ కలిపి అప్పట్లో ఒకే ఎంట్రన్స్ ఉండేది (ఈ బీపీఓ కాల్ సెంటర్ కాదు, కృత్రిమ కాళ్లు చేతులు తయారుచేసే కోర్సు). మనకి దగ్గర్లో ఉన్నది కటక్ పక్కన ఓలట్‌పూర్‌లోది. అదీ రాశాను, రాలేదు. చివరికి ఒడిశాలోనే ఒక ప్రైవేటు కాలేజీలో బీఓటీ సీటు వచ్చింది. కాలేజీ పేరు రాయను, ఎందుకంటే నా టెన్త్, ఇంటర్ ఒరిజినల్స్ ఇంకా వాళ్ల బీరువాలోనే ఉన్నాయి.

లోన్ కోసం వెళ్తే బ్యాంకాయన "ఇది మాలిషు కోర్సా?" అన్నాడు. మా నాన్న అయితే ఆక్యుపేషన్ అంటే ఉద్యోగం కదా అని, మావాడు ఉద్యోగాలిప్పించే కోర్సు చదువుతున్నాడని రెండేళ్లు ఊరంతా చెప్పుకున్నాడు. నేనూ సరిదిద్దలేదు. 1950లోనే ముంబై కెఇఎం ఆస్పత్రిలో కమలా నింబ్కర్ గారు మన దేశంలో ఈ చదువు మొదలుపెట్టారు, ఇప్పటికీ ఏ పెళ్లిలో కనపడినా "అంటే ఫిజియోనే కదా" అంటారు. కాదు. చెయ్యి లేపించడం వాళ్ల పని అనుకుంటే, ఆ చేత్తో జాకెట్టు హుక్కు పెట్టుకునేలా, చెంబు ఎత్తేలా, అన్నం తినేలా చెయ్యడం మా పని. ఇలా నేను అందరికీ దర్జాగా చెప్పేవాణ్ణి. ఆ అన్నం దగ్గరే దెబ్బతిన్నాను.

మొదటి మూడేళ్లు మామూలే. అనాటమీకి భయపడక్కర్లేదు, బట్టీ పడితే పోతుంది. స్ప్లింట్ (చెయ్యి వంకర పోకుండా పట్టి ఉంచే కట్టు) ల్యాబ్‌లో మాత్రం మొదటి రోజు నుంచీ చేతులు పెట్టండి, ఆ ప్లాస్టిక్ షీటు వేడినీళ్లలో మెత్తబడి బయటికొచ్చాక బిగుసుకునేలోపు పని కావాలి, పక్కవాడిది చూసి నేర్చుకునే పని కాదు. ఆక్యుపేషనల్ థెరపిస్టుల ప్రపంచ సమాఖ్య లెక్క ప్రకారం కనీసం 1000 గంటలు రోగుల దగ్గర పని చేసి ఉండాలి, లాగ్‌బుక్‌లో సంతకాలు ఏ రోజువి ఆ రోజే పెట్టించుకోండి. నేను ఒక నెలవి కూడబెట్టి తీసుకెళ్తే మా సారు "నువ్వు ఎవరు బాబూ?" అన్నాడు.

ఇక ఫైనలియర్ ప్రాక్టికల్స్. చీటీ తీస్తే నాకొచ్చిన కేసు ఇచ్ఛాపురం వైపు నుంచి వచ్చిన రైతు. అరవై దాటిన తాత, నాలుగు నెలల కిందట కుడి పక్క పక్షవాతం. పక్కన మామ్మ. మా బ్యాచ్‌లో ఒడియా సరిగ్గా రాక తిప్పలు పడేది నేనే, అలాంటిది పరీక్షలో తెలుగు పేషెంటు తగిలాడు. ఇంక పాసైపోయినట్టే అనుకున్నాను. మాది పలాస అని చెబితే తాత కూడా సంబరపడ్డాడు.

బార్తెల్ ఇండెక్స్ అని ఒక కొలత ఉంటుంది. 1965 నాటిది, అమెరికా వాళ్లది. తిండి, స్నానం, బట్టలు, మెట్లెక్కడం లాంటి పది అంశాలు, మొత్తం 100 మార్కులు. తిండి దగ్గర సున్నా, 5, 10 వేస్తాం. రొట్టె మీద వెన్న రాసుకోడానికి, ముక్కలు కోసుకోడానికి సాయం కావాలంటే 5. మా తాత జన్మలో రొట్టె మీద వెన్న రాసుకున్న మనిషి కాదు. "తాతా, అన్నం బాగా తింటున్నారా?" అని అడిగాను. "తింతన్నాను బాబూ, దానికేటి" అన్నాడు. 10 వేసేశాను. లక్ష్యాల్లో మాత్రం పుస్తకంలో ఉన్నట్టు ఎడమ చేతికి అలవాటు చేయించాలి, మందపాటి పిడి ఉన్న చెంచా ఇవ్వాలి అని రాశాను. పది మార్కులు వచ్చిన మనిషికి మళ్లీ చెంచా ఎందుకో నాకే తట్టలేదు.

బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ ఒకావిడ, నేత చీర, కళ్లజోడు తాడుకి వేలాడుతోంది. తెలుగు ఒక్క ముక్క రాదు. నేను చదివిందంతా విని, తాత కుడి చెయ్యి, ఎడమ చెయ్యి రెండూ తిప్పి గోళ్లు చూసింది. తర్వాత మామ్మ చెయ్యి చూపించమంది. మామ్మ వేళ్ల కొసలు, గోళ్ల సందులు పసుపు పచ్చగా ఉన్నాయి. తాత రెండు చేతుల గోళ్లూ తెల్లగా కడిగినట్టున్నాయి. "ఈ ఇంట్లో పప్పన్నం ఎవరి చెయ్యి కలుపుతోంది?" అని ఇంగ్లీషులో అడిగింది. నేను మామ్మ వైపు తిరిగాను. "నానే ముద్దలెడతన్నాను బాబూ, నువ్వడగనేదు కదా" అంది.

భాష రాని మనిషి గోళ్లు చూసి కనిపెట్టింది, భాష వచ్చిన నేను అడగలేకపోయాను. తినడం వేరు, తన చేత్తో తినడం వేరు.

అక్కడితో ఆగినా బాగుండేది. క్యాంటీన్ నుంచి స్టీలు పళ్లెంలో అన్నం, సాంబారు తెప్పించింది. నేను రాసిన లక్ష్యమే చేసి చూపించమంది. చెంచా తాత ఎడమ చేతిలో పెట్టాను. దాన్ని చూశాడు, నన్ను చూశాడు, మంచం మీద పెట్టేశాడు. "ఎడం సేత్తో కూడు తినమంతావేటి బాబూ? పలాసోడివన్నావు" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు.

ఆవిడ నన్ను ఆ పళ్లెం ముందు కూర్చోబెట్టింది. "నువ్వు తిను. ఒక్కో కదలికా చెబుతూ తిను." ఇద్దరు ఎగ్జామినర్లు, తలుపు దగ్గర నలుగురు జూనియర్లు, తాత, మామ్మ. కలిపాను. ముద్ద చేశాను. మోచెయ్యి వంగుతోంది అన్నాను. "ముంజేయి?" పైకి తిరుగుతోంది అన్నాను. "ముద్దని నోట్లోకి నెట్టే వేలు ఏది?" నోటి దాకా వెళ్లిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. చూపుడు వేలు అన్నాను. మామ్మ నవ్వింది. ఇంగ్లీషు రాకపోయినా నా వేలు చూసి ఆవిడకి అర్థమైపోయింది, గాల్లో బొటనవేలు ఆడించి చూపించింది. ఇరవై రెండేళ్లు రోజుకి మూడు పూటలా చేసిన పని అది. మీరూ ఇప్పుడు చేత్తో చేసి చూస్తున్నారని నాకు తెలుసు.

పాస్ మార్కుకి నాలుగు తక్కువ. వారం పాటు ఆవిణ్ణి తిట్టుకున్నాను, అన్నం తినిపించి ఫెయిల్ చేసింది అని. ఇప్పటికీ జూనియర్ల ముందు అలా కూర్చోబెట్టడం తప్పేనంటాను. కానీ ప్రశ్న తప్పని అనలేను.

సప్లీ దాకా ఇంట్లోనే. మా అమ్మ జీడి ఫ్యాక్టరీలో పప్పు మీద పొట్టు తీసే పనికి వెళ్తుంది. ఇంటి దగ్గర కూడా కూరలు తరిగేటప్పుడు, జడ వేసుకునేటప్పుడు ఆవిడ చేతులే చూస్తూ కూర్చునేవాణ్ణి, నోట్సు రాసేవాణ్ణి. ఒక పెళ్లి బంతిలో ఎదురు వరసలో వాళ్లందరి బొటనవేళ్లు గమనిస్తుంటే "ఏటిరా, తినీవోళ్ల నోట్లోకి అలా సూత్తావు" అని మా అత్త కసిరింది. పీట మీద నుంచి లేవడానికి మోకాలు ఎంత వంగుతుందో, పంచె కట్టుకోవడంలో రెండు చేతులూ వెనక ఎక్కడ కలుస్తాయో, ఇవి ఏ పుస్తకంలో ఉన్నాయో నాకు దొరకలేదు. మీకు సెలవులుంటే ఇంటికొచ్చి ఇవి చూడండి, కోచింగ్ మెటీరియల్ అని అమ్మేవాళ్ల దగ్గర డబ్బులు తగలెయ్యకండి.

సప్లీలో వచ్చిన కేసు చేతి నరం దెబ్బతిన్న ఆడమనిషి. "నిన్న పొద్దున్న లేచిన దగ్గర్నుంచి ఈ చేత్తో ఏమేం చేశారు, ఏవి ఎవరు చేసిపెట్టారు?" అని వచ్చీరాని ఒడియాలో మొదలుపెట్టాను. ఆవిడ ఇరవై నిమిషాలు చెప్పింది. ఆ విడతలో ఎక్కువ మార్కులు నావే (రాసింది ముగ్గురం అనుకోండి).

ఇంటర్న్‌షిప్ ఆరు నెలలు హాయిగా గడిచింది. పక్షవాతం వచ్చిన వాళ్లకి ఎడమ చెయ్యి మాట ఎత్తే ముందు వాళ్లనీ ఇంట్లో వాళ్లనీ కూర్చోబెట్టి అడుగుతున్నాను. కొందరు సరే అంటారు, కొందరు కుడి చెయ్యి కాస్త పట్టు వచ్చేదాకా ఆగుతామంటారు. అలాంటప్పుడు కుడి చేత్తో ముద్ద పట్టించి, మోచెయ్యి కింద నా చెయ్యి ఆనించి లేపిస్తాను. సగం అన్నం ఒళ్లో పడుతుంది, పడనివ్వాలి.

ఇప్పుడు రిజిస్ట్రేషన్. మా వృత్తి 2021లో వచ్చిన అలైడ్ హెల్త్ చట్టం కిందికి వస్తుంది, కాబట్టి ముందు డిగ్రీ కాగితాలన్నీ చేతిలో ఉండాలి. విద్యార్థుల ఒరిజినల్స్ కాలేజీలు అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. ఆ మాట ఆఫీసు క్లర్కుతో అంటే "అయితే యూజీసీనే వచ్చి తీసుకోమను" అన్నాడు. చేరేటప్పుడే జిరాక్సులు ఇచ్చి ఒరిజినల్స్ చూపించి వెనక్కి తెచ్చుకోండి, కుదరదంటే కనీసం రసీదు రాయించుకోండి. నేను రెండూ చెయ్యలేదు.

నో డ్యూస్ ఫారంలో లైబ్రరీ, హాస్టల్, అకౌంట్స్ అయ్యాయి. స్ప్లింట్ ల్యాబ్ సంతకం ఒక్కటే మిగిలింది, ఆ సారు సోమవారం దాకా సెలవట. ఆదివారం రాత్రి పలాసలో మళ్లీ బండెక్కాలి.